తిప్పేస్వామి సరిచేసిన సినిమా

కళ్యాణదుర్గంలో పగటాట వదిలినంక టాకీసు గేటు కాడ ఒకాయన మైకు పట్టుకోని నిలబడినాడు. యూట్యూబు చానలంట. బయటికొచ్చినోళ్లను వచ్చినట్టే ఆపి, "ఎట్లుంది సినిమా?" అని మైకు మూతి కాడ పెడతాండాడు. నెత్తిన ఎండ, కడుపులో ఆకలి, అట్లాంటి టయానికి అడిగితే జనాలు ఊరికే వదుల్తారా? కసితీరా కడిగేసినారు.

"ఏం సినిమాప్పా ఇది? ముందర సచ్చిపోతాడు, తర్వాత కొట్లాడతాడు, ఆ తర్వాత దోస్తీ చేస్తాడు. చొక్కా తిరగేసి తొడిగినట్టుండాది," అన్నాడొకడు.

"ఎనకనుంచి ముందుకు చెప్తే గొప్ప అనుకున్నారేమో. తలకాయ పగిలిపోతాండాది. మాత్రల అంగడి యాడుందో చెప్పు, తర్వాత మాట్లాడతా," అన్నాడు ఇంగొకడు.

శెనక్కాయల మండీ షావుకారు వెంకటరాముడు మాత్రం శాంతంగా చెప్పినాడు. "ఏసీ బాగుండాది. రెండు గంటలు కమ్మగా నిద్రపోయినా. నా టిక్కెట్టు దండగ కాలేదు."

కాలేజీ పిల్ల ఒకతెకు వాళ్లందరి మీదా కోపమొచ్చింది. "అర్థం కాలేదని సినిమాను తిడితే ఎట్ల? చంపినోడు ఎవురనేది మొదట్లోనే చూపించేసినారు. వానికి ఆ పిచ్చి అనుమానం యాడ మొదలైందో చెప్పేదానికే ఎనక్కి తీసుకోనిపోయినారు. నేను రేపు మళ్లా వస్తా," అని విసురుగా పోయింది.

ఆ పిల్ల ఎనకాలే సువార్త వచ్చింది. నలభై ఐదేండ్ల మనిషి, కూలి పనికి పోయి పోయి చేతులు కాయలు కట్టినాయి, ఆదివారం గుడికి కట్టుకొనే చీర కట్టుకోని వచ్చింది. జతలో ఆమె అన్న కూతురు కృపాకుమారి ఉండాది. ఆ పిల్ల ఆ ఊర్లోనే బట్టలంగడిలో పనిచేస్తాది.

"మీకెట్లుందమ్మా?" అని మైకాయన అడిగినాడు.

"శానా మంచి సినిమా నాయనా. ఆఖరికి పిల్లోడు బతికినాడు."

చుట్టూ ఉన్నోళ్లు పకపకా నవ్వినారు. మైకాయన కూడా నవ్వు ఆపుకుంటా, "బతకలేదమ్మా. మొదట్లోనే బావిలోనుంచి శవాన్ని తీసినారు కదా? కత ఎనకనుంచి చెప్పినారు," అన్నాడు.

"ఏమో నాయనా. నేను లేచొచ్చేటప్పటికి వాడు నవ్వుతాండాడు. నాకు అది చాలు."

కృపాకుమారి అత్త చెయ్యి పట్టుకోని బరబరా బస్టాండు దిక్కు లాక్కోనిపోయింది. ఆ పిల్లకు కండ్లనిండా నీళ్లు. ఆ నవ్వినోళ్లకు తెలీదు గానీ, సినిమాలో బావిలోనుంచి తీసిన ఆ పిల్లోడు జోయల్. సువార్త కొడుకు. సినిమాలో చచ్చినాడు, బయటా చచ్చిపోయినాడు. వాడు పోయినంక ఏడాదికి సినిమా వచ్చింది.

అసలు జోయల్‌కు సినిమాలతో ఏం పని? అనంతపురం నుంచి సినిమా తీసే పిల్లోళ్లు ఊరికొచ్చినప్పుడు, వాళ్లకు నీళ్ల ట్యాంకరు తోలుకోని పోయినాడు. వేషం కట్టాల్సినోనికి కామెర్లు తగిలి మంచాన పడినాడంట. డైరెక్టరు సారు ట్యాంకరు మీద కూర్చోని శెనక్కాయలు తింటాండే జోయల్‌ను చూసి, "నువ్వు చేస్తావా?" అన్నాడు. వాడు నవ్వినాడు. ఆ నవ్వు చూసే తీసుకున్నామని సారు తర్వాత చెప్పినాడు.

సినిమా కత పెద్దదేం కాదు. ఎరువుల అంగడి పెట్టుకున్నాయన ఒకడు. పనికి చేరిన పిల్లోడు తనను చంపేదానికే వచ్చినాడని వానికి అనుమానం పట్టుకుంటాది. ఆ అనుమానం ముదిరి ముదిరి, ఆఖరికి ఆ పిల్లోన్నే ఎండిన బావిలోకి తోసేస్తాడు. దాన్ని సారు తిరగేసి చూపించినాడు. మొదట బావి, శవం. దానికి ముందరి కొట్లాట. దానికి ముందరి గుసగుసలు. అట్ల పోయి పోయి, ఆ పిల్లోడు పని అడిగేదానికి అంగడికొచ్చిన మొదటి పొద్దు కాడ ఆగుతాది. జోయల్ గుప్పెడు శెనక్కాయలు నోట్లో వేసుకోని, "రేపట్నుంచి వస్తాలే అన్నా. ఈపొద్దుకు పోతా, మా నాయన ఎదురుచూస్తాంటాడు," అని నవ్వతా మెట్లు దిగిపోతాడు. అంతే, సినిమా అయిపోతాది.

షూటింగు అయిపోయినంక వాడు బోరుబండి మీద పనికి పోయినాడు. మన తావున ఎంత లోతు దింపినా దుమ్మే వస్తాండాది, బోర్లు వేసేటోళ్లు యాడికైనా పోవాల్సిందే కదా. చత్తీస్‌గఢ్ దిక్కు ఘాట్ రోడ్డులో బండి తిరగబడింది. జోయల్‌ను పెట్టెలో పెట్టి తెచ్చినారు. పెట్టెకు మేకులు కొట్టేసినారు. "తెరవొద్దు, మీరు చూడలేరు," అన్నారు జతలో వచ్చినోళ్లు.

ఆ మాట విని సువార్త పెట్టె మీద పడి ఏడ్చింది. మొగుడు యేసన్న ఏడవలా. పెట్టె ఒక కొస భుజానికెత్తుకోని నాలుగడుగులు వేసి, "మావోడు ఇంత తేలిగ్గా ఉండడే," అన్నాడు. సమాధుల తోటలో అందరితో పాటు మన్ను వేసినాడు. ఇంటికొచ్చినాడు. ఆ మాపు సంగటి తినేటప్పుడు, "జోయల్‌కు ఒక ముద్ద ఉంచు. యాళకాని యాళ వస్తాడు," అన్నాడు.

ఆపొద్దు నుంచి అదే వరస. ఎవురడిగినా, "బండి మీద ఉండాడప్పా. సీజను అయిపోతే వస్తాడు," అంటాడు. ఈస్టరు పొద్దు తెల్లారుజామున ఊరంతా పూలు పట్టుకోని సమాధుల తోటకు పోతే, ఆయన గొడ్ల కాడికి పోయినాడు. వాకిలికి గడియ పెట్టనీడు. ఊరోళ్లు కూడా ఎదురు చెప్పలేక, "ఔన్లే, వస్తాడులే," అని తప్పించుకోనిపోతారు.

ఏం చెప్పేది సువార్త కష్టం? కొడుకు పోయిన ఏడుపు మొగుని ముందర ఏడవకూడదు. ఏడిస్తే, "బతికినోన్ని పట్టుకోని ఏడుస్తావేమే?" అని కసురుతాడు. దొడ్లోకి పోయి, పొయ్యి కాడ కూర్చోని, చీర కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చేది. కొడుకును ఇద్దరూ కన్నారు, ఏడ్చేది మాత్రం ఒక్కతే. అది ఆమెకు గుండెలో రాయి మాదిరి కూర్చుండాది. ఒక్క పొద్దు ఆయన వాని పేరు చెప్పి ఏడిస్తే చాలు, ఇద్దరం ఒకరినొకరం పట్టుకోని ఏడుస్తాం, అంతకంటే ఏమొద్దు అనుకునేది.

సినిమా చూసొచ్చినపొద్దే ఆమెకు ఆలోచన తట్టింది. చచ్చిన కొడుకును చూపిస్తే ఆయన తట్టుకోలేడు. నవ్వే కొడుకును చూపిస్తే? "మా నాయన ఎదురుచూస్తాంటాడు," అనే మాట వాని నోటితోనే వినిపిస్తే? కరగకుండా ఉంటాడా మనిషి? కానీ టాకీసులో సినిమా మూడు రోజులు కూడా ఆడలేదు. డైరెక్టరు సారే ఇంటికొచ్చి, సువార్త చేతులు పట్టుకోని, సినిమాను పెన్‌డ్రైవులో పెట్టిచ్చి పోయినాడు.

ఆమె దాన్ని తీసుకోని తిప్పేస్వామి కాడికి పోయింది. ఊర్లో పెండ్లిండ్లకు వీడియోలు తీసేది తిప్పేస్వామే. తెర, బొమ్మ వేసే లైటు మిషను, బాక్సులు, అన్నీ ఆయన కాడ ఉండాయి. మంచోడు. జోయల్ చిన్నప్పుడు వాన్ని జత పెట్టుకోని పెండ్లిండ్లకు తీసుకోనిపోయేటోడు.

"ఆదివారం ప్రార్థన అయినంక మా గుడి పక్క హాల్లో వేస్తావా తిప్పేస్వామీ?"

"వేస్తా వదినా. నువ్వు అడగాల్నా?"

"నేనూ మీ అన్న మొదటినుంచి రాం. ఆఖరు అర్ధగంటకు వస్తాం. ఆయనకు ఆఖరే చూపియ్యాల."

"అట్లనే కానీ," అన్నాడు తిప్పేస్వామి. ఎందుకని అడగలా. అడిగింటే ఈ కతే లేదు.

అయితే ఆ మైకాయన వీడియో ఆ పాటికే ఊరంతా ఫోన్లలో తిరిగింది. "ఆఖరికి పిల్లోడు బతికినాడు," అని సువార్త అనే ముక్క మాత్రం కత్తిరించి మళ్లీ మళ్లీ వేసినారు. కింద జనాలు రాసింది చూస్తే ఒళ్లు మండుతాది. ఈమెకు సినిమా అర్థం కాలా అని ఒకడు. ఇట్లాంటోళ్లకు సినిమా తీస్తే ఇంతే అని ఇంగొకడు. పడీపడీ నవ్వే బొమ్మలు వరస పెట్టినోళ్లు కొందరు. అదంతా చదివి తిప్పేస్వామికి కండ్లు ఎర్రబడినాయి. "మా వదినను చూసి నవ్వుతారా నా కొడుకులు?" అనుకున్నాడు. పెన్‌డ్రైవు పెట్టి సినిమా చూసినాడు. ఆయనకూ అర్థం కాలా.

తిప్పేస్వామి పని ఎట్లాంటిదంటే, పెండ్లిలో కెమెరాలు మూడుంటే మూడింటిలో తీసిందీ కలగాపులగంగా ఉంటాది. దాన్ని కూర్చోని వరసలో పెట్టాల. ముందర పెండ్లికూతుర్ని చేసేది, తర్వాత తాళి, తర్వాత తలంబ్రాలు, ఆఖర్న సాగనంపేది. తాళికి ముందర తలంబ్రాలు వచ్చినాయంటే పెండ్లోళ్లు కొట్టేదానికి వస్తారు. ఇరవై ఏండ్లుగా ఆయన చేసింది అదే. సినిమాను చూస్తే ఆయన కంటికి వరస తప్పిన పెండ్లి వీడియో మాదిరే కనపడింది. ముక్కలు ముక్కలు కోసి, ముందరిది ముందర, ఎనకది ఎనక పెట్టి, అతికిచ్చేసినాడు. మూడు పొద్దులు వేరే పని ముట్టుకోలా. ఆ ధ్యాసలో, అన్నకు ఆఖరే చూపియ్యాలన్న వదిన మాట గుర్తుకే రాలా. వదినకు చెప్తే మొహమాటపడి వద్దంటాదని చెప్పలా. ఆపొద్దు చూసి సంతోషపడతాదిలే అనుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయినంక హాలు కిటికీలకు కంబళ్లు కట్టి చీకటి చేసినారు. ఊరంతా వచ్చింది, పక్కూరోళ్లూ వచ్చినారు. సినిమా మొదలైంది. సువార్త మాత్రం ఇంటికాడ మొగుని ఎదురుగా కూర్చోనుండాది.

"ఏమప్పా, జోయల్ సినిమా వేసినారు. పోదాం రా."

"వాడొచ్చినంక వాని జతలో చూస్తాలే."

"ఆఖర్న నీ గురించి ఒక మాట చెప్తాడు. అదొక్కటి విని వచ్చేద్దాం. నాకోసరం రా. ఏడాది నుంచి నిన్నేమైనా అడిగినానా?"

యేసన్న ఆమె ముఖం చూసినాడు. ఏమనుకున్నాడో, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

హాలు కాడికి పోయేసరికి బీడీ తాగేదానికి బయటికొచ్చిన నారాయణప్ప ఎదురైనాడు. గొర్రెలు మేపుకొనే పెద్దాయన, టాకీసుకూ పోయి చూసొచ్చినాడు. "సువార్తా, ఇప్పుడు బాగా అర్థమైతాండాది తల్లీ. టాకీసులో వేసింది సినిమానే కాదు, ఇది సినిమా. జనాలు కదలకుండా చూస్తాండారు," అన్నాడు. ఆమె ఆ మాటను పట్టించుకోలా. మొగుడు వెనక్కి మళ్లుతాడేమో అనేదే ఆమె బెంగ.

లోపలికి పోయి ఎనక వరసలో కూర్చున్నారు. తెర మీద జోయల్ అంగడిలో మూటలు సర్దుతాండాడు. యేసన్న వాన్ని చూసినాడు. చూసి, రవంత ముందుకు వంగినాడు. ఆయన మూతి మీద నవ్వు వచ్చింది. ఎన్నాళ్లకు చూసిందో సువార్త ఆ నవ్వును. ఆమె ప్రాణం లేచొచ్చింది.

"బక్కచిక్కినాడు కదా?" అన్నాడు యేసన్న మెల్లగా.

"ఔ," అనింది.

అంతలో అంగడాయన కేకలు వేయబట్టినాడు. జోయల్ చొక్కా పట్టుకున్నాడు. సువార్తకు ఏదో తేడాగా అనిపించింది. ఈ కొట్లాట మొదట్లో కదా రావాల్సింది? ఆఖర్న శెనక్కాయలు తినేది రావాల కదా? నారాయణప్ప చెప్పింది అప్పుడు చెవుల్లో మోగింది. కొడుకు నవ్వి, "మా నాయన ఎదురుచూస్తాంటాడు," అన్న మాట ఎప్పుడో అయిపోయింది. తామిద్దరూ ఇంటికాడ కూర్చోనున్నప్పుడు, వానికి ఏమీ కాని జనాలు ఆ మాట విని పోయినారు. ఇంగ మిగిలింది బావి ఒక్కటే.

లేచి, మనుషుల కాళ్లు తొక్కుకుంటా తిప్పేస్వామి కాడికి పోయింది. "ఏం చేసినావయ్యా నువ్వు?" అనింది.

"వరసలో పెట్టినా వదినా. అందరికీ అర్థమైంది చూడు," అన్నాడు ఆయన సంబరంగా.

"ఆపు. నీకు పుణ్యముంటాది, ఆపు."

ఆమె గొంతు విని ఆయన భయపడి ఆపేసినాడు. తెర మీద జోయల్ చెయ్యి ఎత్తి అట్లనే నిలబడిపోయినాడు. జనాలు గోల చేసినారు. ఆ గోలలో ఎనకనుంచి యేసన్న గొంతు వినపడింది.

"ఎందుకు ఆపినావు తిప్పేస్వామీ? పెట్టప్పా. మావోడు ఏదో చెప్తాండాడు, విననీ."

ఏడాదిగా ఆ మనిషి తనకోసరం ఏదీ అడగలా. బువ్వ పెడితే తిన్నాడు, పెట్టకపోతే ఊరుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిచి అడిగింది ఇది ఒక్కటే. సువార్త ఏం చేయాల? చెయ్యి పట్టుకోని బయటికి లాక్కోనిపోతే, కొడుకును చూడనీలేదని ఈ జన్మకు ఇంగ ఆమె ముఖం చూడడు. పెట్టిస్తే ఏమైతాదో ఆమెకు తెలుసు. ఆ హాల్లో అంతమంది ఉండి, ఆ తల్లికి ఒక దారి చెప్పేటోడు లేకపోయినాడు.

"పెట్టు," అనింది తిప్పేస్వామితో.

వచ్చి మొగుని పక్కన కూర్చోని, ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. తెర మీద ఇద్దరూ పెనుగులాడుకుంటా బావి దాంక పోయినారు. జోయల్ "అన్నా, వద్దన్నా," అన్నాడు. కింద పడినాడు. తెల్లారింది. ఊరోళ్లు తాళ్లు వేసి పైకి లాగినారు. బావి గట్టు మీద పండబెట్టినారు. కెమెరా ముఖం దగ్గరకు పోయింది. కండ్లు మూసుకోని, నుదుటి మీద నెత్తురు కట్టి, జోయల్ ముఖం ఆ గోడంత తెర నిండా నిలబడింది. సినిమా అయిపోయింది.

హాల్లో చప్పట్లు కొట్టినారు. "ఇప్పుడు సినిమా మాదిరి ఉండాది," అన్నాడెవురో. "పాపం, పిల్లోడు అన్యాయంగా పోయినాడు," అని ఒకామె ముక్కు చీదింది. దీపాలు వేసినారు.

యేసన్న లేచి నిలబడినాడు. నడుచుకుంటా తెర కాడికి పోయినాడు. తెర తెల్లగా ఉండాది. దాన్ని అరచేత్తో తడిమినాడు. జనాలందరికీ అప్పుడు గుర్తొచ్చింది ఆయన ఎవురో.

తిప్పేస్వామి ఉరికొచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "అన్నా, అది ఉట్టిదన్నా. నెత్తురు కాదది, రంగు. యాక్టింగు. నిజం కాదన్నా."

యేసన్న తిరిగి ఆయన ముఖం చూసినాడు.

"నిజం కాదా?"

"కాదన్నా."

"అయితే మావోడు యాడుండాడు?"

తిప్పేస్వామి ఎనక్కి తిరిగి జనాలను చూసినాడు. ఇన్నాళ్లూ ఔన్లే, వస్తాడులే అన్నోళ్లంతా ఆడనే ఉండారు. ఒక్కడంటే ఒక్కడు తలెత్తలా. యేసన్న ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటా వచ్చి, ఆఖరికి పెండ్లాం కాడ ఆగినాడు.

"నువ్వు చెప్పు సువార్తా. యాడుండాడు?"

ఆమె లేచి నిలబడింది.

"పోయినాడప్పా," అనింది. "నువ్వే కదా మన్ను వేసినావు."

"నాకు ముఖం చూపియ్యలేదు కదే ఆపొద్దు."

"చూపియ్యలేదు."

"నేను ఆ పెట్టెలో ఇంగెవురో అనుకుంటినే," అని, మోకాళ్ల మీద కూలబడి, "జోయలూ, నాయనా," అని గొంతెత్తి ఏడ్చినాడు యేసన్న. ఆ ఏడుపు విని కంబళ్లు కట్టిన కిటికీల బయట ఆడుకునే పిల్లోళ్లు ఉరికొచ్చి వాకిట్లో నిలబడినారు.

సువార్త పోయి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. తల తీసుకోని ఒళ్లో పెట్టుకుంది. ఇదే కదా ఏడాది నుంచి ఆమె కోరుకుంది. ఆయన ఏడవాల, జతలో తాను ఏడవాల అనే కదా. కానీ ఆమెకు ఏడుపు రాలా. ఆ మనిషి మీద ఇన్నాళ్లూ కోపం పెట్టుకునింది, వాకిలి గడియ దగ్గరా, సంగటి ముద్ద దగ్గరా రోజూ కొట్లాడింది. ఇప్పుడు తెలిసింది, తన కొడుకు రేపో మాపో వస్తాడని నమ్మిన మనిషి భూమ్మీద ఒక్కడన్నా ఉండె. తనూ ఆ మనిషి పక్కనే పండుకోని, పొద్దున లేచి, ఆ నమ్మకం నీడనే బతుకుతాండె.

ఇంగ అట్ల నమ్మే ఆ ఒక్క మనిషి కూడా లేడు.